మోటార్లు విప్పి రాగి తీయడం: కాల్చకుండా, గ్రేడు పోకుండా ఎలా?

తెనాలి_పాతసామాను

ఒక లాటు బేరంలో ఉంది. రెక్కల్లేని సీలింగ్ ఫ్యాన్లు 22, మిక్సీలు 9, అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మోనోబ్లాకులు (పంపుతో కలిసి ఉండే మోటార్లు) కలిపి 6, త్రీఫేజ్ 5 హెచ్‌పీ మోటార్లు 4, బోరు మోటార్లు 3, ఫ్రిజ్ కంప్రెసర్లు 7. ఏవి విప్పితే గిట్టుబాటు, ఏవి ఉన్నవున్నట్టు అమ్మెయ్యాలి? 5 హెచ్‌పీ స్టేటర్‌లో (మోటారులో తిరగని భాగం) వార్నిష్ పట్టి బిగుసుకున్న తీగ కాల్చకుండా బయటికి వస్తుందా? వచ్చిన రాగి ఏ గ్రేడుకి పోతుంది? సరంజామా: నాలుగంగుళాల గ్రైండరు, రెండు కిలోల సుత్తి, పానాలు, బేరింగ్ పుల్లరు. గ్యాస్ కటరు లేదు.

వైండింగ్_ఖమ్మం

బేరం కుదిరేలోపే ఒక పని చెయ్యండి. ప్రతి మోటారులో ఉన్నది రాగా, సిల్వరా (అల్యూమినియమా) చూడండి. రంగు చూసి మోసపోవద్దు. అల్యూమినియం తీగ మీద వేసే ఎనామిల్ పూత కూడా ఎర్రగానే ఉంటుంది, పైకి అచ్చం రాగే. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. కానీ గీకడంతో ఆగకండి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ కూడా వస్తోంది, అది గీకినా ఎర్రగానే కనపడుతుంది. కటింగ్ ప్లేయరుతో తీగ తెంపి, తెగిన కొసని భూతద్దంలో చూడండి. చుట్టూ ఎర్రటి గీత, నడుమ తెల్లటి చుక్క ఉంటే పూత తీగ.

అద్దం లేకపోతే లైటరు చాలు. సన్నని అల్యూమినియం తీగ కొస మంటలో కుంగి చిన్న గుండులా ముడుచుకుంటుంది, 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, లైటరు మంటకి ఎర్రగా కాలుతుందే తప్ప కారదు. ఒక అంగుళం ముక్క మీద చూస్తే చాలు.

ఒక్క అల్యూమినియం ఫ్యాను చుట్ట 20 కిలోల రాగి సంచిలో కలిసినా కొనేవాడు సంచి మొత్తానికి రేటు దించుతాడు. అందుకే ఈ పరీక్ష ముందు. తక్కువ ధర ఫ్యాన్లు, వాషింగ్ మెషిన్ మోటార్లు, ఈమధ్య వచ్చిన కంప్రెసర్లు, ఈ మూడింటి మీద ఎక్కువ అనుమానం పెట్టుకోండి.

కాటా_కరీంనగర్

లెక్క నేను చెప్తా. మామూలు ఇండక్షన్ మోటారు మొత్తం బరువుల రాగి 8 నుంచి 10 శాతం ఉంటది. బీడు (పోత ఇనుము) బాడీ అయితే శాతం తగ్గుతది, అల్యూమినియం బాడీ అయితే పెరుగుతది. 5 హెచ్‌పీ మోటారు 40 కిలోలు అనుకోండి, 9 శాతం అంటే 3.6 కిలోల రాగి. రేట్లు రోజూ మారుతయి కాబట్టి ఊరికే లెక్క కోసం రాగి 700, ఇనుము 30 వేద్దాం. రాగికి 2,520. కాగితం, వార్నిష్ పోను మిగిలిన 36 కిలోల ఇనుముకు 1,080. మొత్తం 3,600, అంటే కిలోకు 90. మోటారు మోటారుగానే కిలో 75కు అడుగుతుంటే ఒక్కో దానిమీద 600 తేడా. చెయ్యి తిరిగినోళ్ళకు గంట పని. విప్పాలె.

ఫ్యాను సంగతి వేరు. పాత 48 అంగుళాల రాగి ఫ్యాన్ల సుమారు పావు కిలో వస్తది. స్లాట్లు (తీగ కూర్చునే గాడులు) బయటికి తెరుచుకొని ఉంటయి కాబట్టి పది నిమిషాల పని. విప్పుకోవచ్చు. అల్యూమినియం వైండింగ్ ఫ్యాన్లను విప్పకండి, కూలి కూడా రాదు, అట్లనే అమ్మెయ్యండి.

ఇంకొకటి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయినంక బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఎక్కువైనయి. అండ్ల అయస్కాంతం, సర్క్యూట్ బోర్డు ఉంటయి, రాగి తక్కువ. వాటిని పాత ఫ్యాన్ల లెక్కల కలిపి కొంటే నష్టపోతరు. చేత్తో తిప్పి చూడండి. పాత ఫ్యాను జారినట్టు తిరుగుతది, బీఎల్‌డీసీ చాలావరకు మెట్లు మెట్లుగ పట్టుకొని తిరుగుతది.

వైండింగ్_ఖమ్మం

ఇక 5 హెచ్‌పీ స్టేటరు. కాల్చనక్కర్లేదు. రీవైండింగ్‌లో పాత తీగ తీసే పద్ధతే ఇక్కడా, తీగని ఒక పక్క స్టాంపింగ్ (స్లాట్లు ఉండే ఇనప రేకుల దొంతర) అంచుకి సమంగా కోసి రెండో పక్క నుంచి లాగడం.

ఫ్యాన్ కవరు, ఫ్యాను, రెండు వైపులా మూతల బోల్టులు తీయండి. మూత రాకపోతే బాడీకీ మూతకీ మధ్య గీతలో ఉలి పెట్టి ఒకచోటే కొట్టకుండా చుట్టూ తిప్పుతూ కొట్టండి. షాఫ్ట్ కొస మీద చెక్క పెట్టి తడితే రోటరు (లోపల తిరిగే భాగం) ఒక మూతతో సహా బయటికి వస్తుంది. రోటరులో రాగి ఉండదు, ఇనప స్టాంపింగ్‌లో పోసిన అల్యూమినియం కడ్డీలు ఉంటాయి, అది ఇనుములోకే. బేరింగులు పుల్లరుతో లాగి, చేత్తో తిప్పితే గరగరలేనివి పక్కన పెట్టండి.

ఇప్పుడు లీడ్ వైర్లు, జాయింట్లు ఉన్న పక్క ఏదో చూడండి. కోత దానికి ఎదురు పక్క పడాలి. జాయింట్ల పక్క కోస్తే స్లీవులు, కట్టుతాళ్ళు, టంకం ముద్దలు కోతకి అడ్డం పడతాయి.

ఉలి 20 నుంచి 25 మి.మీ. వెడల్పు. సాన ఒక పక్కే, 45 డిగ్రీలు. రెండో పక్క చదునుగా ఉండాలి, ఎందుకంటే ఆ చదును పక్కని స్టాంపింగ్ ముఖానికి ఆనించి పడుకోబెట్టి కొట్టాలి. ఉలి కొంచెం లేచినా తీగ తెగకుండా వంగి స్లాటు నోట్లో తలలా విచ్చుకుంటుంది. అలా విచ్చుకున్న తీగ స్లాటులోంచి జారదు. రాలేదు అని మనుషులు కాల్చడానికి పోయేది చాలావరకు ఈ ఒక్క తప్పు వల్లే. స్టేటరు కింద పాత లారీ టైరు పెట్టుకుంటే ఎగరదు.

కోసిన గుత్తి మొత్తం గుండ్రంగా ఊడొస్తుంది. తర్వాత స్లాటు మూతలు, అంటే వెదురు చీలికలో ఫైబరు పట్టీలో. విరిగిన హ్యాక్సా బ్లేడుని పళ్ళు కిందికి ఉండేలా పట్టీ మీద పెట్టి సుత్తితో పైనుంచి ఒక దెబ్బ వెయ్యండి, పళ్ళు పట్టీలో దిగుతాయి. అప్పుడు బ్లేడు వెనక కొస మీద తడితే పట్టీ మొత్తం జారిపోతుంది. మూత పోయాక తీగ పట్టు సగం పోయినట్టే.

చివరగా లాగడం. 12 మి.మీ. కడ్డీ కొసని కొక్కెంలా వంచుకోండి. జాయింట్ల పక్క ఉన్న కాయిల్ చుట్టలోకి దూర్చి, స్టేటరు అంచు మీద చెక్కదుంగ ఆనించి, కడ్డీని మీటండి. నాలుగు పోల్ మోటారులో మామూలుగా 36 స్లాట్లు ఉంటాయి. ఒక్కో కాయిల్ రెండు స్లాట్లలోంచి కలిసి వస్తుంది.

తెనాలి_పాతసామాను

వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. ఒక శాంపిల్ మోటారు మీద ఇలాగే చూస్తే కొన్ని స్లాట్లలో కట్ట కదలడం లేదు, కొక్కేనికి పట్టిన నాలుగైదు తీగలు మాత్రం తెగి వస్తున్నాయి. ఉలి చదునుగానే పట్టడం జరిగింది. వార్నిష్ గాజులా మెరుస్తోంది.

వైండింగ్_ఖమ్మం

అది వార్నిష్‌లో ముంచి ఓవెన్లో ఆరబెట్టిన కంపెనీ వైండింగ్. స్లాటు లోపల తీగల మధ్య ఖాళీ లేకుండా నిండిపోయి కట్ట మొత్తం ఒక కడ్డీ అయిపోయింది. దాన్ని లాగకూడదు, తొయ్యాలి. స్లాటు ఆకారం కంటే ఒక మిల్లీమీటరు సన్నగా ఇనప పట్టీ సానబట్టుకోండి, పొడవు స్టాంపింగ్ కంటే రెండంగుళాలు ఎక్కువ. కోసిన పక్క నుంచి పెట్టి సుత్తితో కొడితే కట్ట మొత్తం ఒకే ముక్కగా కదులుతుంది. మొదటి దెబ్బే గట్టిది, కాగితం పట్టు వదిలాక సులువు. అవతల పక్క కాయిల్ చుట్ట అడ్డు వస్తుంటే దాన్ని ముందే పైకి ఎత్తి విడదీసుకోండి.

దానికీ రాకపోతే స్టాంపింగ్‌నే చీల్చాలి. ఇది స్టేటరు బాడీలోంచి బయటపడ్డాకే. బీడు బాడీ అయితే కాళ్ళ దగ్గర సమ్మెట దెబ్బకి పగులుతుంది, అల్యూమినియం బాడీ అయితే పొడవునా ఒక కోత కోసి చీలిక దిగ్గొడితే విచ్చుకుంటుంది. స్టాంపింగ్ వెనక రేకులన్నిటినీ పట్టి ఉంచే వెల్డింగ్ గీతలో, క్లీటు పట్టీలో కనపడతాయి. వాటిని మాత్రమే గ్రైండరుతో తీసేసి, రేకుల మధ్య చీలిక పెట్టి 10, 15 మి.మీ. మందం పొరగా విడదీస్తూ రండి. నాలుగంగుళాల పొడవున పట్టుకున్న తీగ అరంగుళం పొరని పట్టుకుని ఉండలేదు, పొర తీగ మీంచి జారిపోతుంది.

ఇది ఆఖరి మార్గం. మంచి స్టాంపింగ్‌కి రీవైండింగ్ వాళ్ళ దగ్గర ఇనుము కంటే మంచి ధర వస్తుంది, కోశాక అది పోయినట్టే.

పల్నాడు_బోరు

బోరు మోటార్ల దగ్గర చాలామంది డబ్బు పారేసుకుంటున్నారు, కాస్త శ్రద్ధగా చదవండి.

నీళ్ళు నింపే బోరు మోటారులో ఎనామిల్ తీగ కాదు, ప్లాస్టిక్ తొడుగున్న పాలీ తీగ ఉంటుంది. భారత ప్రమాణం ఐఎస్ 8783 కిందకి వచ్చేది అదే. వార్నిష్ ఉండదు, నీళ్ళల్లో నడిచేదానికి వార్నిష్ దేనికి? కాబట్టి తీగ దారంలా వస్తుంది. ఒక పక్క కోసి లాగడమే, కొన్నిటిలో కొయ్యకుండానే విడదీయొచ్చు. దీన్ని ఎట్టి పరిస్థితిలో మంటలో వెయ్యకండి. తొడుగు ఒలిస్తే లోపల నిగనిగలాడే రాగి, పూత లేదు, నలుపు లేదు. ఒలిచే మెషిన్ లేకపోతే చెక్కకి బ్లేడు బిగించి తీగని దాని కిందగా లాగినా ఒలుస్తుంది.

రెండోది రోటరు. నేల మీద నడిచే మోటార్ల రోటర్లలో అల్యూమినియం అని ఖమ్మం అన్న రాసింది నిజమే. బోరు మోటార్లలో చాలావాటికి మాత్రం రోటరులో రాగి కడ్డీలు, రెండు చివరలా రాగి రింగులు ఉంటాయి. రోటరు చివర గీకండి, ఎర్రగా ఉంటే అది రాగే. ఇనుములో కలిపి తూకం వేయించారంటే వైండింగ్‌తో పాటు రావాల్సిన రాగిలో పెద్ద భాగం ఇనుము రేటుకి పోయినట్టు. రింగుని స్టాంపింగ్ అంచు దగ్గర హ్యాక్సాతో రెండు వైపులా కోసెయ్యండి. కడ్డీలు ఒక్కొక్కటి ఇనప ఊచతో తడితే అవతలికి వస్తాయి. కడ్డీకీ రింగుకీ అతికిన చోట బ్రేజింగ్ ఉంటుంది, ఆ ముక్కలు వేరే డబ్బాలో వెయ్యండి, శుభ్రమైన కడ్డీలతో కలపొద్దు.

బాడీ గొట్టం స్టెయిన్‌లెస్ అయితే దాని రేటు వేరు. బుష్‌లు గన్‌మెటల్‌వి ఉంటే అవీ వేరు. ఏది ఇనుమో తేల్చుకోవడానికి అయస్కాంతం జేబులో పెట్టుకు తిరగండి.

నాలుగంగుళాల బోరు మోటార్లలో నూనె నింపినవి ఉంటాయి. వాటిలో ఎనామిల్ తీగే. నూనె ముందు డబ్బాలోకి వంచి పూర్తిగా కారనివ్వండి. నూనె తడితో తెచ్చిన రాగికి కాటా దగ్గర తరుగు కోస్తారు.

కొత్త_సభ్యుడు_88

ఇంత కష్టం ఎందుకు సార్, పాత టైర్ల మీద వేసి కాలిస్తే సాయంత్రానికి అంతా అయిపోతుంది కదా. అందరూ అదే చేస్తున్నారు.

లోహశాస్త్రం_విశాఖ

లాభం ఉందనుకుని చేసే పని కాబట్టి ముందు లాభమే లెక్కేద్దాం. సన్నని ఫ్యాను తీగలో, అంటే 36 గేజి, 0.193 మి.మీ.లో, ఎనామిల్ బరువు మొత్తంలో 5 శాతం లోపే. లావు తీగలో ఇంకా తక్కువ. కాల్చి శుభ్రం చేసేది ఆ నాలుగైదు శాతాన్ని. దానికి బదులు పోయేది చూడండి. మంటలో రాగి పైపొర నల్లటి ఆక్సైడ్ అయి రాలిపోతుంది. తీగ ఎంత సన్నమైతే బరువుకి తగ్గ ఉపరితలం అంత ఎక్కువ కాబట్టి నష్టం ఎక్కువ. మిగిలింది పెళుసు. కాలిన పెళుసు తీగని మొదటి రకంలో తీసుకోరు. ఇక మంట మధ్యలో మోటారులోని అల్యూమినియం కరిగి రాగి మీద పడితే ఆ ముద్దని ఎవరూ రాగిగా కొనరు.

లీడ్ వైర్ల మీద, కేబుళ్ళ మీద పీవీసీ ఉంటుంది, పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. అది రాగి సమక్షంలో చల్లారే పొగలో, సుమారు 250 నుంచి 450 డిగ్రీల మధ్య, డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలుగా మారుతుంది. రాగి క్లోరైడు ఆ చర్యకి ఉత్ప్రేరకం. అంటే మామూలు ప్లాస్టిక్ కాల్చడం కంటే రాగి తీగ మీది ప్లాస్టిక్ కాల్చడం అధ్వాన్నం. ఆ విషం మట్టిలో, గడ్డిలో, గేదె పాలల్లో చేరి ఏళ్ళ తరబడి పోదు. మంట పక్కన నిలబడేది కూలికి వచ్చిన పిల్లలు. దయచేసి ఆ పని చెయ్యొద్దు, చేయించొద్దు. చెత్తని బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది కూడా.

రీవైండింగ్ వాళ్ళు వాడే ఓవెన్ వేరే సంగతి. అందులో వేడి అదుపులో ఉంటుంది, స్టాంపింగ్ 370 డిగ్రీలు దాటనివ్వరు, పొగని మళ్ళీ కాల్చే గది ఉంటుంది. టైర్ల మంటకి దానితో పోలిక లేదు.

కొత్త_సభ్యుడు_88

గేదె పాల దాకా వస్తుందని తెలియదు సార్. కాస్టిక్ సోడాలో ఉడకబెడితే వార్నిష్ పోతుందని విన్నాను, అది చెయ్యొచ్చా?

లోహశాస్త్రం_విశాఖ

వద్దండీ. మోటారులో అల్యూమినియం ఎక్కడో అక్కడ ఉంటుంది. కాస్టిక్ దాన్ని తింటూ హైడ్రోజన్ వదులుతుంది, మూసిన షెడ్డులో నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మరిగే కాస్టిక్ కంట్లో పడితే చూపు పోతుంది. మిగిలిన నల్లటి నీళ్ళు పారబోయడానికి చోటు ఉండదు. ఖమ్మం గారు చెప్పిన ఇనప పట్టీ చాలు.

ఫ్రిజ్_ఏసీ_నెల్లూరు

కంప్రెసర్ల గురించి ఎవరూ చెప్పలేదు, అవే అన్నిటికన్నా ప్రమాదం.

నేమ్‌ప్లేటు మీద గ్యాసు పేరు చదవండి. ఆర్600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, వంటగ్యాసు జాతిది. ఫ్రిజ్‌లో ఉండేది సాధారణంగా 100 గ్రాముల లోపే, కానీ గ్రైండరు రవ్వకి అంటుకోవడానికి అది చాలు. గొట్టాలు తెంపేసి ఉన్నాయి కదా అని ధైర్యం వద్దు, లోపలి నూనెలో కరిగిన గ్యాసు గంటల తరబడి వస్తూనే ఉంటుంది. ఆర్12 ఓజోన్ పొరని తింటుంది, ఆర్134ఏ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు వేడెక్కిస్తుంది. గొట్టాలు మూసి ఉన్న కంప్రెసరు వస్తే రికవరీ మెషిన్ ఉన్న మెకానిక్‌తో గ్యాసు తీయించండి, గాలిలోకి వదలొద్దు. ఆర్12, ఆర్22 మీద మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. గ్యాస్ కటరు లేదన్నారు, ఈ పనికి లేకపోవడమే నయం.

ఖాళీ అయినదాన్ని బయట గాలిలో బోర్లించి గొట్టాల్లోంచి నూనె కారనివ్వండి, ఒక రోజంతా వదిలెయ్యండి. తర్వాతే డ్రిల్లుతో అడుగున నెమ్మదిగా ఒక రంధ్రం, మిగిలిన నూనె కారాక పై డొప్పకీ కింది డొప్పకీ మధ్య వెల్డింగ్ మీద గ్రైండరు కోత. లోపల మోటారు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది, నాలుగు బోల్టులు. నా సలహా అడిగితే ఏడింటి కోసం ఇదంతా వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి ఫ్రిజ్‌లు, ఏసీలు వస్తాయి, రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్‌కి ఉన్నవున్నట్టు ఇచ్చెయ్యండి. బీఎల్‌డీసీ బోర్డులు కూడా వాళ్ళకే.

వైండింగ్_ఖమ్మం

కెపాసిటర్లు మర్చిపోయాం. ఫ్యానుది 2.5 మైక్రోఫారడ్ చిన్నదే, మోనోబ్లాకు స్టార్ట్ కెపాసిటరు 100 దాటి ఉంటుంది. విప్పే ముందు రెండు కొసల మధ్య 100 వాట్ల బల్బు హోల్డరు తగిలించి లోపల నిలిచిన కరెంటుని ఖాళీ చెయ్యండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చెయ్యొద్దు, రవ్వ కళ్ళలోకి వస్తుంది. నూనె నిండిన పాత ఇనప డబ్బా రకాన్ని కొయ్యొద్దు, పగలగొట్టొద్దు.

మిక్సీల సంగతి చిన్నదే. బయటి ఫీల్డ్ కాయిల్స్ రెండూ సులువుగా వస్తాయి, తీసుకోండి. ఆర్మేచరు, అంటే తీగ చుట్టి ఉండి లోపల తిరిగే భాగం, వదిలెయ్యండి. దాని తీగ రెండు పక్కలా కొయ్యాలి, కమ్యుటేటరులో రాగి ముక్కల మధ్య మైకా, బేకలైటు ఉంటాయి, పట్టే సమయానికి వచ్చే ధర చాలదు. ఆర్మేచరుని ఆర్మేచరుగానే కొనేవాళ్ళు ఉన్నారు.

గ్రైండరు మాట. నాలుగంగుళాల కటింగ్ వీలు మీద 15,300 ఆర్‌పీఎం అని ఉంటుంది, గ్రైండరు వేగం దాన్ని మించకూడదు. వీలు నడుమ ఇనప రింగు మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది, దాటితే పారెయ్యండి. గార్డు తీసి వాడొద్దు. రాగిని వీలుతో కొయ్యొద్దు, మెత్తని లోహం రాళ్ళ మధ్య నిండిపోయి వీలు వేడెక్కి పగులుతుంది, వీలు పొడి రాగిలో కూరుకుంటుంది.

షార్జా_యార్డు

గ్రేడు ప్రశ్నకి జవాబు. ఇక్కడ గల్ఫ్ యార్డుల్లోనూ అక్కడి పెద్ద వ్యాపారుల దగ్గరా అమెరికా స్క్రాప్ సంఘం పెట్టిన పేర్లే నడుస్తాయి. విప్పని మిశ్రమ మోటార్లు ఎల్మో. పూత లేని, కాలని, 16 గేజి అమెరికన్ కొలత కంటే, అంటే 1.29 మి.మీ. కంటే, సన్నం కాని శుభ్రమైన తీగ బెర్రీ. మెరుపు కూడా ఉంటే బార్లీ, మనవాళ్ళు మిల్‌బెర్రీ అంటారు. వైండింగ్ తీగకి ఎనామిల్ ఉంటుంది, సన్నగానూ ఉంటుంది. అందుకని ఎంత శుభ్రంగా తీసినా బర్చ్ లోకే పోతుంది, అంటే రెండో రకం, నికరంగా 96 శాతం రాగి, 94కి తగ్గకూడదు. దాన్ని బెర్రీ చెయ్యాలని పాటుపడటం వృథా. మీ చేతిలో ఉన్నది బర్చ్‌ని బర్చ్‌గా నిలబెట్టడం. స్లాటు కాగితం, కట్టుతాళ్ళు, స్లీవులు ఏరెయ్యండి. టంకం ఉన్న జాయింటుని రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ కోసి వేరే పెట్టండి. చివర్లో సంచి మీద అయస్కాంతం తిప్పండి, రేకు ముక్కలు తగులుతాయి.

పల్నాడు గారు చెప్పిన పాలీ తీగ ఒలిచాక 1.29 దాటి ఉంటే బెర్రీ అడగండి. దాన్ని ఎనామిల్ తీగతో ఒకే సంచిలో వేస్తే మొత్తం బర్చ్ అయిపోతుంది.

కాటా_కరీంనగర్

కొనేముందు కాగితం ముఖ్యం. పొలాల కాడ బోరు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగి దొంగతనాలు ఎన్ని అయితున్నయో తెలిసిందే. అమ్మేటోళ్ళ ఆధార్ నకలు, ఫోన్ నంబరు, మోటారు నేమ్‌ప్లేటు ఫోటో, తేదీతో రిజిస్టరు పెట్టుకోండి. నేమ్‌ప్లేటు పీకేసిన బోరు మోటారు మూడు ఒక్కసారే వచ్చినయంటే అడగాలె, జవాబు సరిగ లేకపోతే కొనొద్దు. అటువైపు ఒక రైతు పంట ఎండుతుంటది. ట్రాన్స్‌ఫార్మర్ ముక్క ఏదొచ్చినా విద్యుత్ సంస్థ వేలం కాగితం లేకుండ ముట్టొద్దు.

జీఎస్టీ నంబరు ఉంటే ఇంకొకటి. 2024 అక్టోబరు 10 నుంచి నంబరు లేనోళ్ళ దగ్గర లోహ స్క్రాప్ కొన్నప్పుడు రివర్స్ ఛార్జ్ కింద పన్ను మీరే కట్టాలె. బేరంల అది లెక్కేసుకోండి.

తెనాలి_పాతసామాను

అందరికీ నమస్కారాలు. కంప్రెసర్లు ఏడూ రీసైక్లర్‌కి, ఆర్మేచర్లు విప్పకుండా, ఫ్యాన్లు కొస తెంపి చూశాకే. బోరు మోటార్ల నేమ్‌ప్లేట్లు ఉన్నాయో లేదో అడిగాకే అడ్వాన్సు. ఒక్క సందేహం మిగిలింది. ఫ్యాను స్టేటరులో లోపల ఒక చుట్ట, బయట ఒక చుట్ట ఉంటాయి కదా, రెండూ ఒకేసారి కొయ్యొచ్చా?

వైండింగ్_ఖమ్మం

కొయ్యొచ్చు, కానీ షాఫ్ట్ లోపలి నుంచి లీడ్ వైర్లు వచ్చే పక్క కాదు, దానికి ఎదురు పక్క. లోపలి చుట్ట మొదట, బయటి చుట్ట తర్వాత కోస్తే ఉలి చదునుగా ఆనడానికి చోటు ఉంటుంది. ఫ్యాను తీగ సన్నం, కొక్కెంతో లాగితే తెగుతుంది. కోసని పక్క చుట్ట కింద రెండు స్క్రూడ్రైవర్లు ఎదురెదురుగా దూర్చి ఒకేసారి పైకి ఎత్తండి, చుట్ట మొత్తం కిరీటంలా ఊడుతుంది. స్లాటులో ఏమైనా మిగిలితే వదిలెయ్యకుండా హ్యాక్సా బ్లేడుతో బయటికి గీరండి, 22 ఫ్యాన్ల మీద ఆ ముక్కలే అర కిలో దాకా తేలొచ్చు.